ఏడు పొరల ఉల్లిపాయ

లాండ్రీ వెనకగదిలో కూర్చుని పాత కోట్లకి కొత్త జిప్పులు వేసే ఆవిడని ఆ వీధిలో అందరూ జిప్పులావిడ అనే అంటారు. అసలు పేరుతో ఇంతవరకూ ఎవరికీ పని పడలేదు. పదిహేనేళ్లుగా ఆవిడ చేస్తున్నది ఒకటే: చిరిగినదాన్ని అసలు చిరగనట్టు కనిపించేలా చేయడం. బట్టలు తీసుకెళ్లేవాళ్లు కౌంటర్ దగ్గర యజమానికి థాంక్స్ చెప్పి వెళ్లిపోతారు. అందుకు ఆవిడ ఎప్పుడూ బాధపడలేదు. ఆవిడకి కడుపు మండింది ఒక్కసారే. అదీ సొంత ఇంట్లోవాళ్ల వల్ల.

పోయినేడాది కాలనీ సంఘం వార్షికోత్సవంలో కుటుంబాలకి వేషాల పోటీ పెట్టారు. ఇంటిల్లిపాదీ ఒకే వరస వేషాలు వేయాలి, అన్నీ ఇంట్లోనే తయారుచేసుకోవాలి. జిప్పులావిడ అందరికీ పక్షుల వేషాలు కుట్టింది. అత్తగారు గుడ్లగూబ, మొగుడు కొంగ, బావగారు బాతు, కూతురు పిచ్చుక. తోటికోడలు మాత్రం నెమలి తప్ప ఇంకేదీ వేసుకోనంది. మొదటి బహుమతి వచ్చింది. సంఘం కార్యదర్శి మైకు పట్టుకుని "ఇంత బాగా ఎవరు కుట్టారండీ?" అని అడిగితే నెమలి ముందుకొచ్చి, "నేనేనండీ. నా చెయ్యి ఊరికే ఉండదు," అంది.

ఆ సమయానికి జిప్పులావిడ వేదిక పక్కన మోకాళ్ల మీద కూర్చుని గుడ్లగూబ రెక్క సరిచేస్తోంది. నోట్లో ఆరు గుండుసూదులున్నాయి. కుట్టుపని చేసేవాళ్లకి పెదాలే సూదుల డబ్బా. నోరు తెరిస్తే గొంతులో పడతాయి. ఒక్కొక్కటీ తీసి, మణికట్టుకి కట్టుకున్న బుల్లి దిండుకి గుచ్చేలోగా చప్పట్లు అయిపోయాయి, ఫొటో తీయడం కూడా అయిపోయింది.

ఇంటికొచ్చాక అడిగింది. "అదేంటక్కా, నువ్వు కుట్టానన్నావు?"

"అబ్బ, ఎవరు కుడితే ఏంటే? నువ్వో నేనో! అయినా అంతమందిలో నువ్వు నోరు విప్పగలవా?"

మొగుడు "పోనిద్దూ" అన్నాడు. అత్తగారు టీవీ సౌండు పెంచింది. ఆ ఫొటోకి తోటికోడలు ఫ్రేము కట్టించి హాల్లో తగిలించింది. ఇంట్లో దుమ్ము దులిపే పని జిప్పులావిడది. రోజూ పొద్దున్నే నెమలి మొహం మీద గుడ్డ పెట్టి రుద్దేది. ఏడాదిపాటు రుద్దింది.

ఈసారి మళ్లీ పోటీ అన్నారు. ఆవిడ కుదరదంటుందని అందరూ అనుకున్నారు. కానీ అడగ్గానే సరేనంది. కూరగాయల వేషాలు అంది. అత్తగారు గుమ్మడికాయ, మొగుడు పొట్లకాయ, బావగారు వంకాయ, కూతురు పచ్చిమిరపకాయ.

"మరి నేనో?" అంది తోటికోడలు. "నన్ను ఏ కాకరకాయో చేశావంటే ఊరుకోను, ముందే చెప్తున్నా."

"ఛ, నిన్నా! నువ్వు ఉల్లిపాయవక్కా. ఏడు పొరలు. వేదిక మీద ఒక్కో పొరా విప్పుతుంటే లోపల ఇంకో రంగు. అందరి కళ్లూ నీ మీదే."

ఆ చివరి మాటకి తోటికోడలు పడిపోయింది.

లాండ్రీలో పాత కోట్లు విప్పినప్పుడు పారేసే లోపలి అస్తరు గుడ్డలు సంచిలో పోగేసి, మధ్యాహ్నాలు అన్నం తిన్న చేతులు కడుక్కుని జిప్పులావిడ మెషీన్ దగ్గర కూర్చునేది. పై పొర ముదురు ఊదా, దాని కింద లేత ఊదా, తర్వాత గులాబీ, అలా పలచబడుతూ చివరికి తెలుపు. ఏడు హుక్కులూ భుజాల మధ్య, మెడకి జానెడు కింద పెట్టింది. పైనుంచి చెయ్యి వేసినా కిందనుంచి వేసినా మనిషికి తన వీపు మీద అందని చోటు అదొక్కటే. కొలతలు తీసేవాళ్లకే అది తెలుస్తుంది. ముందు అంచులో నాడా దోపింది. అటునుంచి లాగితే ఊడదు, బిగుస్తుంది. ప్రతి కుట్టుకీ పళ్లు కొరికింది.

ఏదీ దాచలేదు. కొలత చూసిన మూడుసార్లూ చెప్పింది.

"ఎలా విప్పాలో చూసుకో అక్కా. వెనకనుంచి విప్పాలి."

"నువ్వుంటావుగా. అవన్నీ నాకెందుకే?" అంది తోటికోడలు, అద్దంలోంచి చూపు తిప్పకుండా.

నాలుగోసారి చెప్పలేదు.

పోటీనాడు కూరగాయలన్నీ వరసగా వేదికెక్కాయి. పొట్లకాయ తల గుమ్మానికి కొట్టుకుని వంగిపోతే ఒక విడత నవ్వులు లేచాయి. కార్యదర్శి నేరుగా ఉల్లిపాయ దగ్గరికి వచ్చింది.

"ఈసారి కూడా మీరేనా అండీ?"

"నేనే! నెల్లాళ్లు పట్టింది."

"అయితే ఒక్కో పొరా విప్పండి, చూద్దాం!"

తోటికోడలు నవ్వుతూ ముందు అంచు పట్టుకుని లాగింది. నాడా బిగిసింది. ఇంకా గట్టిగా లాగింది. మోచేతులు డొక్కలకి అతుక్కుపోయాయి. ఊడుతుందేమోనని గిర్రున తిరిగింది. కళ్లలోంచి నీళ్లు కారాయి.

"కోసేవాళ్లకి రావాలి గానీ, ఉల్లిపాయకే వస్తున్నాయేంట్రా కన్నీళ్లు!" అని వెనక వరసలోంచి ఎవరో అరిచారు. హాలు గొల్లుమంది.

"చిన్నదానా! వచ్చి విప్పవే!" తోటికోడలి కేక మైకులో పడి అందరికీ వినిపించింది.

వేదిక పక్కన నిలబడ్డ జిప్పులావిడ మణికట్టు దిండులోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి పెదాల మధ్య పెట్టుకుంది. ఆరు. అక్కడ గుచ్చాల్సిందేమీ లేదు. తర్వాత తోటికోడలి కళ్లలోకి చూసి, వేలితో నోరు చూపించి, తల అడ్డంగా ఊపింది.

"మీరు కుట్టింది మీకే విప్పడం రాదా అండీ?" అంది కార్యదర్శి.

గుమ్మడికాయలోంచి అత్తగారి గొంతు వచ్చింది. "చెప్పేయవే పెద్దదానా! నేనిక్కడ లోపల ఉడికిపోతున్నాను!"

"మా తోటికోడలు కుట్టింది," అంది ఉల్లిపాయ నేల చూస్తూ.

"వినిపించలేదండీ."

"మా తోటికోడలు! లాండ్రీలో పనిచేస్తుంది. అదే కుట్టింది!"

జిప్పులావిడ కదల్లేదు.

"పోయినేడాది పక్షులు కూడా అదే!"

అప్పుడు తీసింది సూదులు. తొందరపడలేదు. ఆరూ దిండుకి గుచ్చి, మెట్లెక్కి, వెనక నిలబడి హుక్కు తప్పించింది. ఊదా పొర జారి పడింది. పొర పొరకీ చప్పట్లు పెరిగాయి. కార్యదర్శి మైకు తెచ్చి ఆవిడ నోటి దగ్గర పెట్టి, "కుట్టింది ఎవరండీ?" అంది.

"నేను," అంది జిప్పులావిడ. అంతకంటే ఏమీ అనలేదు.

మొదటి బహుమతి ఫైరింజన్ వేషం వేసిన ఇంకో కుటుంబానికి పోయింది. జిప్పులావిడ పట్టించుకోలేదు. ఆరు పొరలే విప్పింది. ఏడోది, తెల్లటిది, అలాగే ఉంచింది. దాని అంచులో ఇనప తీగ గుండ్రంగా తిరిగి ఉంది, కూర్చుందామంటే మడత పడదు.

హాలు నుంచి ఇంటికెళ్లే బస్సులో జిప్పులావిడకి కిటికీ పక్క సీటు దొరికింది. తోటికోడలు కడ్డీ పట్టుకుని నిలబడింది. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఆవిడని ఒకసారి చూసి, చుట్టూ తిరిగి వెళ్తున్నారు.

"ఇక చాల్లేవే," అన్నాడు మొగుడు మెల్లగా. "విప్పేయ్."

"ఎప్పుడు విప్పుతావే?" అంది తోటికోడలు. ఈసారి గొంతులో బతిమాలడం ఉంది.

జిప్పులావిడ ఆవిడ వంక చూసింది. నోట్లో ఒక్క గుండుసూదీ లేదు. అయినా పెదాలు బిగించి, వేలితో నోరు చూపించి, కిటికీ వైపు తిరిగింది.