రెండున్నర తలల పాము

అయిదు తలల పాముకు నకలు తీస్తే ఆ నకలుకు ఎన్ని తలలుండాలి? ఫిల్మ్ నగర్‌లో మేం అద్దెకున్న ఇంటి డాబా మీద, నీళ్ల ట్యాంకు నీడలో చాప పరుచుకుని, ఒక శనివారం మధ్యాహ్నం ముగ్గురం ఈ ప్రశ్న దగ్గర ఆగిపోయాం.

హైటెక్ సిటీ వైపు నెలకో అద్దాల భవనం లేస్తున్న రోజులవి. మా ముగ్గురివీ మొదటి ఉద్యోగాలు. నేనూ, నా రూమ్మేటూ టెస్టర్లం, అంటే ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టేవాళ్లం. మూడో అతను ఆ ప్రోగ్రాములు రాసేవాడు. షేక్‌పేటలో పుట్టి పెరిగినవాడు. వారమంతా మేం అతని తప్పులు పట్టేవాళ్లం, శనివారం అతను బండి మీద వచ్చి మా తప్పులు పట్టేవాడు.

మా ఆటకు బోర్డూ పావులూ ఉండవు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్లు ఆ కథలో మనుషులవుతారు. కత్తి దెబ్బ తగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. కథ నడిపేది నేను, కాబట్టి నియమాలకు అర్థం చెప్పాల్సిందీ నేనే. ఆ నియమాల పుస్తకం ఇంగ్లీషులో ఇటుకంత లావుండేది. అసలు పుస్తకాన్ని మేమెవరమూ చూడలేదు, అమీర్‌పేటలో తీయించిన జిరాక్సే మాకు దిక్కు. రాక్షసులకూ మృగాలకూ నకలు తీసే మంత్రం ఉన్న పేజీలోనే అడుగున రెండు లైన్లు పడలేదు.

షేక్‌పేట మిత్రుడు ఆటలో మాంత్రికుడు. నేను ముచ్చటపడి ఒక చిత్తడినేలలో పెట్టిన అయిదు తలల పామును చంపకుండా, మంచుతో దానికి నకలు తయారు చేసుకున్నాడు. ఆ పాము గొప్పతనమేమిటంటే, ఒక తల నరికితే అక్కడే రెండు మొలుస్తాయి. నకలు గురించి జిరాక్సులో కనిపించినవి రెండే ముక్కలు. నకలుకు అసలుదానిలో సగం ప్రాణమే ఉంటుంది. పుట్టినప్పటికంటే దాని బలం పెరగదు.

"సగమంటే తలలు కూడా సగమేనా? అయిదులో సగం రెండున్నర," అంది రూమ్మేట్.

ఆ అర తల ఎలా ఉంటుందో ముగ్గురం ఒకేసారి ఊహించుకున్నట్టున్నాం. ఒక కన్ను, సగం నోరు, సగం బుస. నేను నవ్వాపుకోలేక జిరాక్సు కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. చివరికి తలలు అయిదూ ఉంచి, ప్రాణం మాత్రం సగం చేశాను.

అక్కడితో తేలలేదు. గుహ వాకిట్లో కాపలా ఉన్న రాక్షసుడు గొడ్డలి విసిరి నకలు పాము తల ఒకటి తెగ్గొట్టాడు.

"రెండు మొలిచినయి," అన్నాడు మిత్రుడు.

"మొలవవు. బలం పెరగకూడదని ఉంది కదా," అన్నాను.

"తల పెరిగితే బలం పెరిగినట్టెట్లయితది? మా ఇంట్ల తొమ్మిది తలలున్నయి. గ్యాస్ సిలిండర్ పైకి మొయ్యాల్నంటే ఒక్కడు రాడు."

రూమ్మేట్ పెన్సిలు తీసుకుని జిరాక్సులో ఆ బలం వాక్యంలో ప్రతి కామా చుట్టూ సున్నా చుట్టింది. మొలవడం పాము స్వభావమా, బలమా అన్నది తేలాలంటుంది. గొంతులు లేచాయి. ఫిల్మ్ నగర్‌లో గట్టిగా వాదించుకునేవాళ్లను చూసి ఎవరూ తగాదా అనుకోరు, కథ రాస్తున్నారనుకుంటారు. వాచ్‌మన్ మెట్ల దాకా వచ్చి కాసేపు విని, "పాము పిక్చరా సార్? హీరో ఎవరు?" అని అడిగి వెళ్లాడు.

సోమవారం ఆఫీసులో కూడా మాకు అదే ధ్యాస. మేం పనిచేసేది అమెరికాలోని ఒక బీమా కంపెనీ ప్రోగ్రాముల మీద. ఆలోచన తేటపడుతుందని రూమ్మేట్ ఆ సమస్యను మేం తప్పులు నమోదు చేసే పద్ధతిలోనే టైపు చేసింది. ఒకటి, పాముకు నకలు తీయండి. రెండు, నకలు తల ఒకటి నరకండి. రావలసింది: ఏమీ లేదు. వచ్చింది: రెండు తలలు. నాకు చూపించి చెరిపేద్దామనుకుంది. కానీ అలవాటు పడిన వేలు సేవ్ నొక్కేసింది. ఒకసారి ఎక్కాక దాన్ని చెరిపే అధికారం మాకు లేదు. అమెరికా వాళ్లు నిద్ర లేచేసరికి అది వాళ్ల ముందుంటుంది.

మర్నాడు పొద్దున్నే మేనేజరు ఇద్దరినీ తన క్యాబిన్‌కి పిలిచాడు. ఆయన నవ్వడం మా టీమ్‌లో ఎవరూ చూడలేదు. ప్రింటు తీసిన కాగితం టేబుల్ మీదుంది. పెట్టె సర్దుకోవడానికి ఎంత సేపు పడుతుందా అని నేను లెక్కేసుకుంటున్నాను.

"ఈ స్నేక్ ఏ మాడ్యూల్ కిందికొస్తది?" అన్నాడాయన.

"డూప్లికేట్ పాలసీలు సార్," అంది రూమ్మేట్, రెప్ప వేయకుండా.

ఆయన తల పంకించాడు. "అవతలి టీమ్ రాత్రి చెక్ చేసిండ్రు. వాళ్ల దగ్గర రిపీట్ అయితలేదంట. క్లోజ్ చేసిండ్రు. నెక్స్ట్ టైమ్ స్క్రీన్‌షాట్ పెట్టండి."

సరే సార్ అని బయటికొచ్చి, ఆడవాళ్ల బాత్రూములోకి వెళ్లి గడియ పెట్టుకుని, గోడకు జారగిలబడి కూర్చుని నవ్వాం. అమెరికాలో ఎవరో ఒక మనిషి పాము తల నరికి చూశాడు. మొలవలేదు. ఈ సంగతి చెబితే షేక్‌పేట మిత్రుడు ఒప్పుకోలేదు. "వాళ్లు అసలు పామునే నరికిండ్రో, నకలునే నరికిండ్రో, రాసిండ్రా గాడ?" అన్నాడు.

మళ్లీ శనివారం మళ్లీ డాబా. ఈసారి కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు ఆంటీ పైకొచ్చింది. గుంటూరు వైపు మనిషి. సినిమాల్లో హీరోయిన్లకు గొంతు అరువిచ్చే డబ్బింగ్ ఆర్టిస్టు.

"ఏంటమ్మా ఇది? కింద నేను సీను చదువుకుంటుంటే పైన్నుంచి తల తల అని ఒకటే కేకలు. ఎవరి తలండీ?"

భయపడుతూనే అంతా చెప్పాం. ఆవిడ చాప అంచున కూర్చుని, మొలవడం దగ్గరా బలం దగ్గరా మళ్లీ చెప్పించుకుని విన్నది.

"నేను చేసేది అదేగా. తెరమీద పిల్ల ఏడిస్తే నేనూ ఏడవాలి, తుమ్మితే తుమ్మాలి. ఆ పిల్ల చేసింది నేను చెయ్యనంటే కుదరదు. కాబట్టి తలలు మొలుస్తాయి బాబూ, నువ్వన్నది నిజమే."

మిత్రుడు లేచి చొక్కా సర్దుకున్నాడు.

"కూర్చో. పెదవి కదలని చోట నేను ఒక్క ముక్క ఎక్కువంటే సౌండ్ ఇంజనీరు ఊరుకోడు. అలాగే కొత్తగా మొలిచిన తలలకు కాటు ఉండదు. బుసకొడతాయి, అంతే."

ఇంత చక్కని తీర్పు నాకు తట్టనందుకు సిగ్గేసింది. అప్పటికప్పుడు అమలు చేశాను. ఒక తల పోయి రెండు మొలిచాయి, మొత్తం ఆరు. ఆరింటికీ బుస ఎవరు కొట్టాలి అని రూమ్మేట్ అంటుండగానే ఆంటీ గొంతు సవరించుకుంది. మొదటి తల కొత్త పెళ్లికూతురులా సిగ్గుపడుతూ బుసకొట్టింది. రెండోది అత్తగారు. మూడోది పాలకేడ్చే పసిపిల్ల. నాలుగోది ఇంగ్లీషు మీడియం. కొత్త తలలు రెండూ కవలలు, ఒకదాని మాట ఒకటి లాక్కుంటూ రాక్షసుడిని తిట్టాయి. రాక్షసుడు నేనే. గొడ్డలి ఎత్తాల్సినదాన్ని చాప మీద దొర్లుతున్నాను. వాచ్‌మన్ ఈసారి వెళ్లకుండా మెట్ల మీదే కూర్చున్నాడు.

చివరికి పాచిక పాముకు అడ్డం తిరిగింది. సగం ప్రాణమే కదా, అయిపోయింది. కానీ ఆంటీ ఒప్పుకోలేదు. ఒక్కొక్క తలకూ ఒక్కొక్క చావు కావాలంది. పెళ్లికూతురు తల చావడానికే పది నిమిషాలు పట్టింది. అత్తగారి తల కోడలి తలను క్షమించి చచ్చింది. పసిపిల్ల చచ్చినప్పుడు షేక్‌పేట మిత్రుడు నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, "ఆంటీ, జర గట్ల చెయ్యకుండ్రి, ఇది నా పాము," అన్నాడు.

ఆదివారం ఆవిడకు గొంతు పూర్తిగా పోయింది. చర్చిలో పాట అందుకోలేకపోయిందట. ఏమైందమ్మా అని పాస్టరుగారు అడిగితే, "మేడ మీద పాము, అయ్యగారూ. ఆరు తలలు. చచ్చింది లెండి," అని గుసగుసగా చెప్పిందట. సాయంత్రం ఆయన ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని వచ్చి, డాబా నాలుగు మూలలా తిరిగి, ఈ ఇంట మళ్లీ పాము అడుగుపెట్టకూడదని ఎంతో శ్రద్ధగా ప్రార్థన చేశారు. మేం ఇద్దరం ఒకరినొకరం చూసుకోకుండా తలలు వంచుకుని నిలబడి, చివర్లో ఆమెన్ అన్నాం.