పై మడికి మూసిన వాల్వు

కంగ్టి శివారులోని తన మక్కజొన్న చేనుకు వెళ్లగానే కాశమ్మ మోటరు వేయదు. ముందు సాళ్ల మధ్య గుంత తవ్వి, వేళ్ల దగ్గరి మట్టిని పిడికిట్లో పిసికి చూస్తుంది. ఉండ కడితే ఆ రోజుకు నీళ్లు లేనట్టే. యూరియాను కూడా చేనంతా చల్లదు. తడి ఆరకముందే మొక్క మొదట్లో చిటికెడు పెట్టి మట్టి కప్పుతుంది. ఆమె గోళ్ల చుట్టూ చర్మం ఎప్పుడూ పగిలే ఉంటుంది. ఈ యాసంగి పంటకు సరిగ్గా కంకులు వేసే వేళకు బోరు సన్నబడింది. పై మడికీ కింది మడికీ పైపు నిండా దూకే నీళ్లు బొటనవేలంత ధారయ్యాయి.

“రెండు మడులకు జర్రంత జర్రంత పారిద్దాం. ఖేడ్ బజారుకు పోయి ఇంకో సంచి యూరియా తెస్త, తేరుకుంటది,” అన్నాడు భర్త అంబదాస్.

“ఎండిన నేలల యూరియా ఏస్తే ఏర్లు మాడుతయి. జర్రంత పారిస్తే రెండూ పోతయి. ఒక్కటన్న దక్కనీ,” అంటూ ఆమె పై మడి వాల్వు తిప్పి మూసింది. అంబదాస్ ఆమె చేయి పట్టుకుని ఆపబోయి, వదిలేశాడు.

కింది మడి తేరుకుంది. పై మడి పూర్తిగా ఎండకముందే కోస్తే మేతకైనా వస్తుందని కాశమ్మ కొడవలి పట్టింది. మొదటి సాలులోనే ఒక లేత కంకి విరిగి చేతిలోకి వచ్చింది. పొట్టు తీసి చూస్తే గింజలు అప్పుడప్పుడే పాలు పోసుకుంటున్నాయి.

“ఇంకో రెండు తడులైతే చాలుండే,” అన్నాడు అంబదాస్ మెల్లగా.

“ఎరికే,” అని ఆమె ఆ కంకిని గట్టు మీద కట్టేసిన బర్రె ముందు వేసి, మళ్లీ కోతకు వంగింది.