మా అప్పకి గొంతు బాగాలేదని చెప్పాను

మీ పెద్దమ్మ కూతురి పెళ్ళి వీడియో చూసి మీరిద్దరూ ఒకటే అడిగారు: "అమ్మమ్మా, పెద్దమ్మమ్మ ఒక్క మాటైనా మాట్లాడలేదేం? ఎప్పుడూ ఇల్లంతా ఆవిడ గొంతేగా?" అని. పరీక్షలని మీరు పెళ్ళికి రాలేదు కాబట్టి తప్పించుకున్నాననుకున్నాను. ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు, అందుకే రాస్తున్నాను. తప్పు నాదే.

మాది శ్రీకాకుళం వైపని మీకు తెలుసు. మీ తాతయ్య ఉద్యోగానికి అటు వచ్చి, నన్ను చేసుకుని నూజివీడు తీసుకొచ్చారు. కాపురానికొచ్చిన మొదటి రోజే ఎవరో పిలిస్తే "ఏటి?" అన్నాను. వంటింట్లో ముగ్గురు నవ్వారు. ఆ తర్వాత ఆరు నెలలు నోరు కట్టేసుకుని ఇక్కడి మాట నేర్చుకున్నాను. ఎంత శ్రద్ధగా అంటే, పాలు తీసేటప్పుడు గేదెతో కూడా "కాస్త కాలు తియ్యండి" అనేదాన్ని. మీ తాతయ్య విని, "దానికంత మర్యాద అలవాటు చెయ్యకు, రేపు నన్ను లెక్కచెయ్యదు" అన్నారు. అప్పట్నుంచీ నాకు ఒకటే గర్వం, నా మాటలో యాస లేదని. యాసనేది అవతలివాళ్ళకి ఉండేదని నా నమ్మకం.

మా అప్ప, అంటే మా అక్క, మీ పెద్దమ్మమ్మ, తన మాట ఏనాడూ మార్చుకోలేదు. పెళ్ళికి వచ్చి ఆటో దిగుతూనే మన మామిడితోట గేటు దగ్గర్నుంచి, "ఒలే, ఎక్కడున్నావే? కాయలిలా రాలిపోతన్నాయి, ఏరీవోళ్ళు నేరేటి?" అని కేకేసింది. ఇంకో గంటలో చాట్రాయి నుంచి మగపెళ్ళివారు దిగుతారు. గబగబా ఆవిడని కాయలు మాగబెట్టిన గదిలోకి తీసుకెళ్ళి, "అప్పా, వాళ్ళ ముందు కొంచెం తక్కువ మాట్లాడతావా?" అన్నాను.

"నేను నోరు తెరిస్తే నీ పరువు ఎలిపోద్దేటి?"

"అది కాదు. వాళ్ళు నవ్వుతారేమోనని."

"సరేలే, మూసీసుకుంటాను. బువ్వకి తెరవొచ్చా?"

కొంచెం తక్కువ మాట్లాడమంటే, ఆవిడ పూర్తిగా మానేసింది. మూడు రోజులు! పెళ్ళికొడుకు మేనమామ ఆవిడకి మాట రాదనుకుని, చిన్నరసం కావాలా అని అడగడానికి రెండు చేతులతో గాల్లో పండు పిసికి, జుర్రుకుని చూపించాడు. ఆవిడ గంభీరంగా తలూపింది. పెళ్ళికొడుకు తల్లి నన్ను పక్కకి పిలిచి, "పాపం, పుట్టుకతోనే ఇంతేనా అండీ?" అంది.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది? నేను మాత్రం, "లేదమ్మా, గొంతు బాగాలేదు" అన్నాను.

"ఓస్, అంతేనా! మా మిరియాల కషాయం పట్టిస్తే మైకు లేకుండా మాట్లాడతారు" అని ఆ మహాతల్లి పూటకో గ్లాసు కాచి తెచ్చింది. మా అప్ప ప్రతి గ్లాసూ నావైపే చూస్తూ తాగింది.

అప్ప ఊరికి వెళ్ళిపోయాక ఫోన్ చేశాను. "బాగున్నానండీ. మీరు కులాసానా అండీ? కాయలు బాగా వచ్చాయా అండీ?" అంది. నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి నన్ను అండీ అంది! ఎగతాళేమో అనుకున్నాను. రెండు నెలలు అలాగే మాట్లాడింది. జీవితమంతా నేను కష్టపడి నేర్చుకున్న మర్యాదను ఆవిడ ఒక్క పూటలో నేర్చేసుకుని నా మొహాన కొట్టింది. ఇక నాకు అప్ప లేదేమోనని భయమేసింది.

చివరికి ఒకరోజు ధైర్యం చేసి మా ఊరి మాటలోనే మొదలుపెట్టాను. "అప్పా, తప్పయిపోనాది, మనసులో ఎట్టీసుకోకు" అన్నాను. నా చెవికే అది నాటకంలో వేషంలా వినిపించింది.

"నీకు మన మాట కూడా రాడం నేదే" అంది. తర్వాత, "నా గొంతు బాగునేదని సెప్పీసినావు కదా. ముందు ఆవిడకి నిజం సెప్పు. తరవాత నాతో మాటాడు" అని పెట్టేసింది.

పెళ్ళికొడుకు తల్లికి ఫోన్ చెయ్యడానికి రెండు రోజులు పట్టింది. ఉన్నదంతా చెప్పాను.

"అయ్యో, తొమ్మిది గ్లాసులు తాగించానండీ ఆవిడ చేత!" అంది ముందు. ఆగి, "మేం నవ్వుతామనుకున్నారా అత్తయ్యగారూ?" అంది. అవునన్నాను. "ఏమో, నవ్వేవాళ్ళమేనేమో. కానీ ముందు నవ్వింది మీరే కదండీ" అంది. ఆవిడ మా అప్ప నంబరు తీసుకుంది.

వాళ్ళేం మాట్లాడుకున్నారో తెలీదు. మర్నాడు మా అప్పే ఫోన్ చేసి, అరగంట ఊపిరి తీసుకోకుండా నన్ను తిట్టింది, ఒలే అంటూ, ఏటే అంటూ. చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ విన్నాను.

మీ నంబర్లు కూడా ఇచ్చాను. ఆదివారం చేస్తుంది. నెమ్మదిగా మాట్లాడమని మాత్రం అడక్కండి. అర్థం కాని మాటలుంటే రాసిపెట్టుకుని ఆవిడనే అడగండి. నన్నడిగితే లాభం లేదు, ఆ తిట్లలో సగం నాకూ అర్థం కాలేదు.