క్యాన్ లోర్‌కు పదకొండు గీతలు

ఇప్పుడు కూర్చుని లెక్క వేస్తే, ఆ వేసవిలో నేను పోగొట్టుకున్నవి ఇవి: ఐదు రోజుల సెలవు, రెండు కిలోల బరువు, దోహాలోని ముషైరిబ్ బజారులో కొని తొందరలో టాక్సీలో మరిచిన పసిపాప గౌను, నా లెక్కల మీద నాకున్న నమ్మకం. అప్పట్లో ఖతర్ అంతా రాబోయే ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకు కట్టడాల హడావిడి. దోహా బయట ఒక స్టేడియం సైటులో పనివాళ్ళ హాజరు రాసే టైమ్‌కీపర్ని నేను. చదువు పదితో ఆగినా, నోట్‌బుక్కులో గీతలు గీసి లెక్కపెట్టనిదే దేన్నీ నమ్మేవాణ్ణి కాదు. మా సూపర్‌వైజరు సింగపూర్ మనిషి. ఏదడిగినా 'క్యాన్', అంటే 'అవుతుంది' అని, చివర ఒక తోక తగిలించేవాడు. 'క్యాన్ లా' అంటే ముప్ఫైలో ఇరవై తొమ్మిది సార్లు పని అయింది. 'క్యాన్ మే?' అంటే ఒక్కసారీ కాలేదు. 'క్యాన్ లోర్' అంటే పదకొండింట ఆరు. (ఈ పట్టిక చూసి గదిలోవాళ్ళు నన్ను సీఏ అనేవారు.)

నా భార్యకు నెలలు నిండాయి. కాన్పు నాటికి జగిత్యాల చేరాలని, రేపటి నుంచి పది రోజుల సెలవు అడిగాను. ఆయన నిట్టూర్చి, కాగితం అందుకుని, "క్యాన్ లోర్" అన్నాడు. పదకొండింట ఆరు! ఆ మాత్రం భరోసాతో టికెట్ ఎలా కొనను? 'లా' అనిపించుకుందామని మర్నాడు మళ్ళీ అడిగాను. మళ్ళీ లోరే. ఇంటి నుంచి ఫోన్ వస్తే కంచం వదిలి లేచేవాణ్ణి, రాకపోతే అన్నం దిగేది కాదు. పక్క మంచం మీది ఫోర్‌మన్ అన్న విసుక్కున్నాడు.

"అది మన 'సరే తియ్' లెక్కనే. మనసుకు కష్టమున్నా ఒప్పుకున్నట్టే. టికెట్ తీస్కో."

"ఐదుసార్లు కాలేదు గదన్నా."

"అప్పుడు నువ్వడిగింది సిమెంటు. లారీ రాకపోతే ఆయనేం జేస్తడు? సెలవు ఆయన చేతుల ఉన్నది."

అయినా రోజూ వెళ్ళి అడిగాను. ఆరో రోజు ఆయన కళ్ళజోడు తీసి, "యూ స్టిల్ హియర్ ఆ?" అన్నాడు. మొదటి రోజే సంతకం పెట్టి కాగితం ఆఫీసుకు పంపాడట. నా సెలవు మొదలై ఐదు రోజులైంది.

ఇల్లు చేరేసరికి పాపకు రెండు రోజులు. నా భార్య నన్ను ఎగాదిగా చూసింది. "లెక్కలు ఒడిసినయా? ఇగ ఐదు రాత్రులు పిల్లను మీరే ఎత్తుకోవాలె." ప్రయాణాలు పోగా నాకు మిగిలింది మూడు రాత్రులే. ఎత్తుకున్నాను. పాప ఇప్పుడు మూడో తరగతి. పడుకుంటే తెల్లారేదాకా లేవదు. గీతలు గీసిన ఆనాటి నన్ను తలచుకుని మేమిద్దరం నవ్వుకుంటాం గానీ, ఆవిడ పద్దులో నేనింకా రెండు రాత్రులు బాకీ.