మిల్లీకి పెట్టిన పెరుగన్నం

మొన్న ఆక్లాండ్ సిటీ సెంటర్లో బస్సెక్కగానే వానకు తడిసిన కుక్క వాసన గుప్పుమంది. వీల్‌చైర్‌లో ఉన్న ఒకావిడ కాళ్ళ దగ్గర జాకెట్ వేసుకున్న లాబ్రడార్ పడుకుని ఉంది. పక్కాయన ముక్కు మూసుకున్నాడు. నాకు మాత్రం సుగుణ ఆంటీ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

ఇరవై ఏళ్ళ క్రితం చదువుకోవడానికి వచ్చి, మౌంట్ ఆల్బర్ట్‌లో ఆవిడ ఇంట్లో ఒక గదిలో ఉండేదాన్ని. గుంటూరు మనిషి. వృద్ధుల కేర్ హోమ్‌లో పని, ఆదివారం చర్చి, మిగిలిన వేళంతా కుక్కపిల్ల. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళకు తలుపులు తీసి, కిందపడ్డవి అందించే కుక్కలను తయారుచేసే సంస్థ కోసం, డబ్బు తీసుకోకుండా కుక్కపిల్లల్ని పెంచేవారు. ఏడాది పెంచి, బుద్ధులు నేర్పి, తిరిగి అప్పగించాలి.

“ఇచ్చేయడానికి పెంచడమేంటి ఆంటీ, పిచ్చి కాకపోతే?” అన్నాను.

“నీ మొహం. ముందు దాని గిన్నె కడుగు,” అన్నారు.

అప్పుడున్న కుక్కపిల్ల పేరు మిల్లీ. మనం తినేది దానికి మెతుకైనా పెట్టకూడదని రూలు. తిండి కనిపించగానే కుక్క ఎగబడితే వీల్‌చైర్‌లో మనిషి ఆపలేరు కదా. నాకది మింగుడుపడలేదు. ఎదురుగా ఓ ప్రాణి కళ్ళప్పగించి చూస్తుంటే ముద్ద ఎలా దిగుతుంది? మా నానమ్మ చివరి ముద్ద వాకిట్లో కుక్కకే పెట్టేది. అందుకే ఆంటీ డ్యూటీకి వెళ్ళగానే రోజూ మిల్లీకి ఒక పెరుగన్నం ముద్ద. ఏదో పుణ్యం మూటగట్టుకుంటున్నాననుకున్నాను, తెలివితక్కువదాన్ని!

సంస్థవాళ్ళు మిల్లీకి పెట్టే పరీక్షకు ఆరు వారాల ముందు, ఒక కెఫేలో మిల్లీ ఎగిరి ఓ పెద్దాయన ప్లేటులోని సాండ్‌విచ్ లాగేసింది. ఆంటీ ముఖం పాలిపోయింది. “నా పెంపకమే సరిగ్గా లేదమ్మా. ఇక దీన్ని శిక్షణలోంచి తీసేస్తారు,” అని దారంతా తనను తానే తిట్టుకున్నారు. ఇల్లు చేరేసరికి ఇక దాచడం నావల్ల కాలేదు.

“ఆంటీ, నేనే. నాలుగు నెలలుగా పెరుగన్నం పెడుతున్నా.”

గది ఖాళీ చేయమంటారనుకున్నాను. ఆవిడ ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టారు. “సంస్థ సూపర్‌వైజర్‌కి చెప్పు. వాళ్ళంతట వాళ్ళు కనుక్కోకముందే చెప్పు. నేనిక్కడే కూర్చుంటా.”

జరిగిందంతా చెప్పాను. అవతల ఆవిడ నిట్టూర్చి, “చెప్పకపోతే ఇది కుక్క స్వభావమే అనుకుని తీసేసేవాళ్ళం. నేర్చుకున్న అలవాటైతే మాన్పించవచ్చు,” అంది.

మాన్పించే పని నామీదే పడింది. రోజూ మిల్లీ ఎదుట నేలమీద కూర్చుని, ఒక్క మెతుకు పెట్టకుండా కంచం ఖాళీ చేయాలి. అది చొంగ కారుస్తూ చూసేది. నాకు ఏడుపొచ్చేది. “ఏడుస్తూనైనా సరే, తిను!” అని వంటింట్లోంచి ఆంటీ కేకేసేవారు.

పరీక్ష రోజు ఫుడ్‌కోర్టులో ట్రైనర్ దాని ముక్కు ముందే చికెన్ ముక్క పడేశాడు. దూరం నుంచి చూస్తూ ఆంటీ చెయ్యి నలిపేశాను. మిల్లీ ముక్క వంక చూసింది. తల తిప్పి ట్రైనర్ వంక చూసింది. అంతే. “దేవా, నీకు స్తోత్రం!” అంటూ ఆంటీ కుర్చీలో కూలబడ్డారు. హమ్మయ్య! ఆ రోజు పీల్చినంత హాయిగా నేనెప్పుడూ ఊపిరి పీల్చలేదు. తర్వాత మిల్లీ ఒక టీచరమ్మకు తోడుగా వెళ్ళింది.

ఆంటీ పోయి మూడేళ్ళు. నేనిప్పుడు ఆస్పత్రి ఫార్మసీలో పనిచేస్తున్నాను. పోయిన నెల వార్డుకు పంపిన ఒక మందు మీద డోసు తప్పుగా రాశాను. ఎవరూ గమనించలేదు. నేనే వార్డుకు ఫోన్ చేసి, తప్పు నాదేనని చెప్పాను. “పేషెంటుకి ఇంకా ఇవ్వలేదులే,” అంది నర్సు. తప్పులు ఇప్పటికీ చేస్తూనే ఉన్నాను. దాచుకోవడం మాత్రం చేతకావడం లేదు.