చారల చొక్కా

నందికొట్కూరు నుంచి కర్నూలుకు పోయే బస్సులో, ఎదుటి మనుషులనూ వాళ్ల బట్టల మడతలనూ పెన్సిల్‌తో గీసుకుంటున్నాను. పక్క సీట్లోని పెద్దావిడ నా చేయి పట్టుకుంది.

"ఒక చొక్కా గీయప్పా. నా కొడుకు ఇంటికి రాక శానా దినాలాయ. కాలవలో ఎవురిదో శవం దొరికిందంట. చారల చొక్కా, జేబు చినిగి ఉండాదని, పెద్దాసుపత్రికి వచ్చి చూడమని పోలీసాయన ఫోన్లో చెప్పినాడు."

చెప్పినట్టే గీశాను. ఆమె చినిగిన జేబు మీద వేలు పెట్టింది.

"జేబు కుట్టెయ్యప్పా."

చిరుగు చెరిపి సరిచేశాను.

"చారలు గూడా తీసెయ్."

తీసేశాను. ఉత్త తెల్లచొక్కా మిగిలింది.

"ఇది మావోనిది కాదు కదా?"

"కాదమ్మా" అన్నాను.

పెద్దాసుపత్రి దగ్గర ఆ కాగితం తీసుకుని దిగింది. గేటు దగ్గరున్న వాచ్‌మన్‌కు దాన్ని చూపిస్తూ, "మావోనిది కాదంటప్పా" అని చెబుతుండగా బస్సు కదిలింది.