కుళాయికి రాసిన పసుపు

మా అత్త పోయిందన్న కబురు ఆమె కొడుకే తెచ్చాడు. టాటానగర్‌లో మా రైల్వే క్వార్టర్ గుమ్మం ముందు సైకిల్ పట్టుకుని నిలబడి, "అక్కా, అమ్మ ఎల్లిపోనాది. తెల్లారగట్ట" అన్నాడు. వానాకాలం నుంచీ దగ్గుతో మంచం పట్టి ఉన్న మనిషే. తెలిసిన సంగతే. పొయ్యి ఆర్పి, తలుపుకు తాళం వేసి అతని వెంట బయలుదేరాను.

అత్త అంటే రక్తసంబంధం కాదు. జంషెడ్‌పూర్‌లోనే, భుయ్యాడీహ్‌లో మా పుట్టింటి గోడకు ఆనుకునే వాళ్ల ఇల్లు. మా వాళ్లలాగే శ్రీకాకుళం వైపు నుంచి కూలికి వచ్చిన కుటుంబం. మా అమ్మ ఆమెను వదినా అని పిలిచేది కాబట్టి నాకు అత్త. పెద్ద గొంతు, గట్టి చెయ్యి. ఆ చేతి రుచి చిన్నప్పుడు నేనూ చూశాను. దెబ్బ వేసిన పూటే పిలిచి అన్నం కూడా పెట్టేది, అందుకని కోపం నిలిచేది కాదు.

ఆమె గురించి రాయాలంటే ముందు మా కుళాయి గురించి చెప్పాలి. జంషెడ్‌పూర్ అనగానే బయటివాళ్లు నీళ్లకూ దీపాలకూ లోటులేని ఊరనుకుంటారు. కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్లకు అది నిజమే. మిగతా చోట్ల రోడ్లూ, మురుగుకాలువలూ, మంచినీళ్లూ చూడడానికి ఒక కమిటీ ఉండేది. దాని సభ్యులను మేం ఎన్నుకునేది లేదు, సర్కారు నియమించేది. ఓటు కోసం మా గడప తొక్కాల్సిన పని వాళ్లకు లేదు కాబట్టి, పని ఉన్న మేమే వాళ్ల గడప తొక్కాలి. ఈ సంగతి మా వీధిలో అందరికంటే ముందు అత్త గ్రహించింది.

డెబ్బైల మొదట్లో మేం సువర్ణరేఖ ఏటి నుంచి నీళ్లు మోసుకునేవాళ్లం. సోమవారం వచ్చిందంటే అత్త వీధిలో ఆడవాళ్లను వెంటేసుకుని, ఖాళీ బిందెలతో కమిటీ ఆఫీసు వరండాలో కూర్చునేది. చేతులు ఊరికే ఉండనిచ్చేది కాదు, చింతపండు తెచ్చుకుని గింజలు తీసేది. గుమాస్తా ఒకసారి మీ వీధి మా నక్షాలో లేదనేవాడు, ఇంకోసారి వచ్చే మీటింగులో చూద్దామనేవాడు. "పానీ నై బాబూ, బచ్చా లోగ్ ప్యాసా" అని, నీళ్లు లేవు, పిల్లలు దాహంతో ఉన్నారని తన హిందీలో చెప్పి మళ్లీ చింతపండు మీద పడేది. అక్కడి గోడ మీద ఎవరెవరి ఫొటోలు ఏ వరసలో ఉన్నాయో మాకు కంఠతా వచ్చేసింది. విసుగెత్తి నేను ఇంటికి పోదామంటే, "మన ఊసు మనం ఎత్తకపోతే ఆఫీసోడికి కలొత్తాదేటి?" అనేది.

చివరికి ఒక ఓవర్సీర్ మనసు కరిగింది. బిహారీ ఆయన, పెద్దమనిషి. ఏటిగట్టు ఎక్కుతున్న ఆడవాళ్లను కళ్లారా చూసి, మీటింగులో మాట వేసి, మా వీధి మొదట్లో కుళాయి పెట్టించాడు.

నీళ్లు వచ్చిన రోజున అత్త కుళాయికి స్నానం చేయించింది. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపరెమ్మ కట్టింది. ఏటి నుంచి ఒక గుండ్రని రాయి తెచ్చి కుళాయి మొదట్లో నిలబెట్టింది. "ఊర్లో వదిలీసొచ్చిన తల్లి ఇక్కడికి నడిసొచ్చినాది" అంది. ఇనుము పనికి వచ్చి అమ్మవారిని దూరం చేసుకున్న జనం మేము. ఆ మాటకు అందరి కళ్లూ చెమర్చాయి. ఏడాది తిరిగేసరికి రాయి చుట్టూ సిమెంటు అరుగు, పైన రేకు వచ్చాయి. మంగళవారం పూట చెప్పులతో అటు వెళ్తే అత్త ఊరుకునేది కాదు.

తర్వాత కొన్నేళ్లకు ఏటి ఇసుక లారీలు ఆ దారిన తిరగడం మొదలైంది. ఆ వానాకాలంలో నీళ్లకు వాసన పుట్టింది. ఓవర్సీర్ మనుషులను తీసుకుని వచ్చాడు. "మాతాజీ, పైప్ నాలీ మే బైఠ్ గయా. చబూతరా తోడ్నా పడేగా" అన్నాడు. లారీల బరువుకు పైపు కుంగి మురుగుకాలువలోకి దిగింది, అరుగు పగలగొడితే గానీ బాగుచేయలేం అని.

అత్త అరుగు ఎక్కి కూర్చుంది. "తల్లిని లేపి తవ్వుతావేటి బాబూ? ముందు నన్ను తవ్వు" అంది. మా ఆడవాళ్లంతా ఆమె పక్కన చేరారు. ఆయన రాయికి దండం పెట్టుకుని వెనక్కి మళ్లాడు. మరోసారి వచ్చినప్పుడు మగవాళ్లు కూడా అడ్డుపడ్డారు. కమిటీని తిట్టాల్సిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి, తిట్టాను కూడా. ఇది మాత్రం వాళ్ల తప్పు కాదు. నీళ్ల కోసం ఏళ్ల తరబడి వాళ్ల గుమ్మంలో కూర్చున్న మేమే, నీళ్లు బాగుచేస్తామని వస్తే తరిమేశాం.

వీధిలో వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. అమ్మవారికి కోపం వచ్చిందన్నారు. చల్లబరచాలని అత్త మట్టికుండలో చద్దన్నం, మజ్జిగ కలిపి, ఆ కుళాయి నీళ్లే పోసి నైవేద్యం పెట్టి, ప్రసాదం తన చేత్తో పిల్లలకు పంచింది. వాళ్లలో ఆమె మనవరాలు ఉంది. అప్పుడప్పుడే మాటలు వస్తున్న పిల్ల. రెండో రోజుకు ఆ పిల్ల కళ్లు లోపలికి పోయాయి. ఆసుపత్రికి తీసుకుపోతుంటే రిక్షాలోనే, తల్లి ఒళ్లో ప్రాణం పోయింది.

పిల్లను ఏటి ఒడ్డున పూడ్చి వచ్చాక, అత్త ఇంట్లోంచి గడ్డపార తెచ్చింది. అరుగు మీద మొదటి పోటు వేసేసరికి జనం పోగయ్యారు. "తల్లికి కోపమొత్తాది, ఒగ్గీయే" అని ఎవరో చెయ్యి పట్టుకోబోయారు.

"వత్తే నా మీదికి రమ్మను. నాకింకేటి మిగిలిందని?" అంది.

రాయిని పెకలించి, కొంగుతో తుడిచి, తన ఇంటి చూరు కింద పెట్టింది. అటునుంచి అటే ఆఫీసుకు వెళ్లి ఓవర్సీర్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన ఒక్క మాట కూడా దెప్పలేదు. తవ్వితే పైపు పగిలి నల్లటి బురదలో పడుంది. పనివాళ్లు బాగుచేసి పూడ్చబోతుంటే అత్త ఆపింది. "అప్పుడే ముయ్యకండి. అందర్నీ సూడనీండి" అంది. అందరం వచ్చి చూశాం. పిల్ల తల్లి అయిన కోడలు మాత్రం రాలేదు.

కోడలు ఆ తర్వాత అత్తతో మాట్లాడలేదు. ఒకే పొయ్యి, ఒకే కుండ. అన్నం వడ్డించేది, జ్వరం వస్తే కాళ్లు పట్టేది, పెదవి మాత్రం విప్పేది కాదు. అత్త బతిమాలలేదు. "దాని నోరు, దానిష్టం. అడిగే మొకం నాకెక్కడున్నాది?" అని నాతో ఒకసారి అంది. ఆ ఇంట్లో నేను ఎక్కువసేపు కూర్చునేదాన్ని కాదు.

అత్త ఆ ఏడాది నుంచి ఒక పని పెట్టుకుంది. పొద్దున్నే కుళాయి రాగానే మొదటి గ్లాసు తను పట్టుకుని తాగేది. ఆ పక్కనే చతికిలబడి కాసేపు కూర్చునేది. తనకేమీ కాలేదని తేలాకే బిందెలు పెట్టనిచ్చేది. పైపు బాగానే ఉందని ఎవరు చెప్పినా వినలేదు. చదువుకున్న కుర్రకారు "క్యా నానీ, రోజ్ కా డ్రామా" అని, రోజూ ఇదేం నాటకం అవ్వా అన్నట్టు నవ్వేవాళ్లు. నీళ్లు చెడితే కాసేపట్లో తెలియదని నాకూ తెలుసు. అయినా పుట్టింటికి వచ్చినప్పుడల్లా వరసలో నేనూ ఆగేదాన్ని. మంచం పట్టాక కూడా గోడ పట్టుకుని కుళాయి దాకా వచ్చేదట.

దహనం అయ్యాక ఆ రాత్రికి నేను పుట్టింట్లోనే ఉండిపోయాను. పొద్దున్నే బిందె పట్టుకుని వెళ్లాను. వరసలో అందరూ ఉన్నారు. కుళాయి వచ్చింది. నీళ్లు నేల మీద పడి కాలువలోకి పోతున్నాయి. ముందున్న మనిషి బిందె పెట్టలేదు. వెనకున్నవాళ్లు పెట్టమనీ అనలేదు.

అప్పుడు కోడలు వచ్చింది. మైలలో ఉన్నవాళ్లు పదిమందీ వాడే కుళాయిని ముట్టుకోకూడదు. ఆ మాట ఎవరో గొణిగారు కూడా. ఆమె వినిపించుకోకుండా వంగి, దోసిలి పట్టి తాగింది. మూతి తుడుచుకుని, అత్త కూర్చునే చోట కూర్చుంది.

"కొంచెం సేపు ఆగండి" అంది.

ఆగాం.